రాజీనామా ఇవ్వాలా, తీసేసేదాకా ఆగాలా? ఓ లాయర్ సలహా మీద నా రివ్యూ

ఐదుకి నాలుగు. కోసిన ఆ ఒక్కటీ ఎందుకో కింద రాశాను. కానీ "మీరే గౌరవంగా రాజీనామా ఇచ్చెయ్యండి, లేదంటే మేమే తీసెయ్యాల్సొస్తుంది" అని మీతో ఎవరైనా అని ఉంటే, లేదా అనబోతున్నారని అనుమానంగా ఉంటే, నా మార్కుల సంగతి పక్కనపెట్టి ఇలాంటి లాయరుతో ఒక గంట మాట్లాడండి. సంతకం పెట్టకముందు.

సేవ పేరు రాయడం లేదు. నేను చివర్లో సంతకం పెట్టిన కాగితంలో గోప్యత షరతు ఉంది, దానితో పరాచికాలాడే ఓపిక నాకు లేదు. ఉద్యోగుల తరఫున మాత్రమే పనిచేసే లాయర్ల చిన్న ఆఫీసు అని చెప్తే సరిపోతుంది. కంపెనీల కేసులు తీసుకోరు. ముందు ఒక ఫారం నింపాలి, కాగితాలు అప్‌లోడ్ చెయ్యాలి, ఆ తర్వాత వీడియో కాల్, ఆ తర్వాత రాతపూర్వకంగా ఒక నోట్. ఉత్తరాలు రాసిపెట్టాలంటే ఫీజు వేరు. ఏ దేశం కాంట్రాక్టు ఉంటే ఆ దేశం చట్టం తెలిసిన లాయరుకి అప్పజెప్తారు. మా టీము నాలుగు దేశాల్లో చెదిరి ఉండడం వల్ల, మాలో కొందరం విడివిడిగా అక్కడికే వెళ్ళాం. ఒకే ప్రశ్నకి ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు రావడం చూశాకే ఈ రివ్యూ రాయాలనిపించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మెచ్చుకోలుకీ సణుగుడుకీ అర్థం ఉండదు. నాది పేరోల్ ఉద్యోగం, అంటే అందరి జీతాల లెక్కలు చూడడం. మానేసి వెళ్ళేవాళ్ళ చివరి లెక్క, ఫుల్ అండ్ ఫైనల్ అంటామే, అది నా టేబుల్ మీదుగానే వెళ్ళేది. మన పీఎఫ్ దగ్గర్నుంచి బ్రిటన్ పీ45 దాకా, కెనడా వాళ్ళ రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ దాకా, మానేసేవాళ్ళ కాగితాలన్నీ నింపినదాన్ని. అంచేత "మీ ఆత్మగౌరవం ముఖ్యం" లాంటి మాటలు నాకు ఎక్కవు. దేనికి ఎంత వస్తుంది, దేనివల్ల ఎంత పోతుంది, అది తేల్చి చెప్పేవాళ్ళు కావాలి.

కథ క్లుప్తంగా ఇదీ. పేరోల్ పనిని బయటి కంపెనీకి ఇచ్చెయ్యాలని పైన నిర్ణయమైపోయింది. ఆ మాట అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. బదులుగా నన్ను పిప్‌లో పెట్టారు, అంటే పనితీరు మెరుగుపరుచుకొమ్మని గడువు పెట్టి ఇచ్చే ప్లాన్. అటెండెన్స్ డేటా ఆలస్యంగా ఇచ్చే డిపార్ట్‌మెంటు వాళ్ళు ఆలస్యంగానే ఇస్తూ ఉంటారట, నేను మాత్రం ఒక్క తప్పు లేకుండా గడువులోగా జీతాలు వెయ్యాలట. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. పొగ సరిపోలేదనుకున్నారో ఏమో, ఒకరోజు హెచ్ఆర్ ఆవిడ "ఊరికే మాట్లాడుకుందాం రండి" అని పిలిచి, పైన రాసిన ఆ మాట అంది. రాజీనామా ఉత్తరం కూడా వాళ్ళే టైపు చేసి పంపారు. సంతకం పెట్టి శుక్రవారంలోగా తిప్పి పంపాలి.

ఇంట్లో, స్నేహితుల్లో సలహాలకి కొదవేముంది. మా అన్నయ్య "తీసేశారన్న మచ్చ జన్మంతా ఉంటుందమ్మా, ఇచ్చెయ్" అన్నాడు. నా పాత కొలీగ్ ఒకామె "నువ్వెందుకు ఇస్తావే, దమ్ముంటే వాళ్ళనే తీసెయ్యమను" అంది. ఇద్దరిదీ నా మీద ప్రేమే. ఇద్దరూ నా కాంట్రాక్టు చదవలేదు.

ఇక సేవ విషయానికొస్తా. ఫారం పొడుగ్గా ఉంది, అడిగిందే రెండు చోట్ల అడుగుతుంది, చిరాకేస్తుంది. కానీ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళకి ఈ పని తెలుసు. బోనస్ ఏ తేదీన ఖాయమవుతుంది? కంపెనీ ఇచ్చే షేర్లు ఉంటే తర్వాతి విడత చేతికొచ్చేది ఎప్పుడు? ఆరోగ్య బీమా కంపెనీదేనా, దాని మీద ఆధారపడి వైద్యం చేయించుకుంటున్నవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? వీసా ఈ ఉద్యోగం మీదే ఉందా? గత ఏడాదిలో ఎవరి మీదైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా? ప్రసూతి సెలవో, వైద్య సెలవో నడుస్తోందా? జీతం లేకుండా ఎన్నాళ్ళు లాగగలరు? చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి మా ఆయనా నేనూ కూచుని లెక్కేసుకోవాల్సొచ్చింది. అదే మొదటి లాభం అనుకోండి. అప్పటిదాకా ఇద్దరం మానం, అవమానం గురించే మాట్లాడుకుంటున్నాం.

కాల్‌లో లాయరమ్మ నమస్కారం అయిన వెంటనే అడిగిన మొదటి ప్రశ్న: "తీసేస్తామంటున్నది పనితీరు బాగాలేదనా, పోస్టు అక్కర్లేదనా, మీరేదైనా తప్పు చేశారనా?" నేను పిప్ గురించి, అటెండెన్స్ డేటా గురించి మొదలుపెట్టబోతే ఆపేసింది. "అది తర్వాత వింటానండీ. ఈ మూడింట్లో ఏది?" పనితీరు అన్నాను. "కాగితం మీద ఉందా?" ఉంది. "సరే, ఊపిరి పీల్చుకోండి."

ఎందుకు ఊపిరి పీల్చుకోవాలో తర్వాత వివరించింది. జనం రాజీనామాకీ టెర్మినేషన్‌కీ మధ్య పెద్ద అగాధం ఉందనుకుంటారు. నిజానికి పెద్ద తేడా టెర్మినేషన్లలోనే ఉంది: దుష్ప్రవర్తన కింద తీసెయ్యడం వేరు, మిగతా కారణాలకి తీసెయ్యడం వేరు. అమెరికాలో పని సరిగ్గా చెయ్యలేకపోయారని తీసేస్తే నిరుద్యోగ భృతి సాధారణంగా వస్తుంది, కావాలని చేసిన దుష్ప్రవర్తన అయితే రాదు. ఉద్యోగం పోయాక కంపెనీ గ్రూపు బీమాని సొంత ఖర్చుతో 18 నెలలదాకా కొనసాగించుకునే కోబ్రా హక్కు రాజీనామా ఇచ్చినవాళ్ళకీ ఉంటుంది, తీసేసినవాళ్ళకీ ఉంటుంది. ఘోరమైన దుష్ప్రవర్తన అయితేనే ఉండదు. మన గ్రాట్యుటీ కూడా అంతే. ఐదేళ్ళ సర్వీసు నిండితే రాజీనామా అయినా టెర్మినేషన్ అయినా లెక్క ఒకటే, చివరి నెల లెక్కకొచ్చే జీతాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్ళతోనూ గుణించడమే. ఆస్తికి కావాలని నష్టం చెయ్యడం, దౌర్జన్యం, పనిలో ఉండగా నైతికంగా నీచమైన నేరం, ఇలాంటివాటికి తీసేస్తేనే దాన్ని ఆపే వీలుంటుంది. "రాజీనామా ఇవ్వకపోతే మీ గ్రాట్యుటీ ఆగిపోతుంది" అని హెచ్ఆర్ వాళ్ళు అంటూంటే నేను పక్క సీట్లో కూచుని విన్నాను, చాలాసార్లు. అబద్ధమని నాకప్పుడే తెలుసు. బెదిరింపు నావైపు తిరిగాక, తెలిసిన విషయాన్నే మరొకరి నోట వినాలనిపించడం విచిత్రమే.

రెండో ప్రశ్న నాకు ఇంకా బాగా నచ్చింది. "మీరు రాజీనామా ఇస్తే వాళ్ళకేం మిగులుతుంది?" తీసెయ్యాలంటే కారణం చూపాలి, కాగితాలు ఉండాలి, నోటీసో నోటీసు జీతమో ఇవ్వాలి, మీరు వివాదానికి వెళ్తే జవాబు చెప్పుకోవాలి. ఇండియాలో రిట్రెంచ్‌మెంట్ అయితే, అంటే మీ తప్పేం లేకుండా పోస్టు అక్కర్లేదని తీసేస్తే, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే లెక్క, దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ ఇదే. మేనేజర్ హోదా పనులు చేసేవాళ్ళు దీని కిందికి రారు, అయితే విజిటింగ్ కార్డు మీద "మేనేజర్" అని ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా చేసే పని ఏమిటో చూస్తారు. రాజీనామా ఇచ్చిన మరుక్షణం ఇదంతా వాళ్ళ నెత్తి మీంచి దిగిపోతుంది. "వాళ్ళు మీ దగ్గర ఒక కాగితం కొనాలనుకుంటున్నారు. ధర చెప్పకుండా ఇచ్చెయ్యడం దేనికండీ?" అంది.

ఇక్కడ నేనొకటి కలిపాను, ఆవిడ రాసుకుంది కూడా. "తీసేశారని రికార్డులో పడిపోతుంది" అని జనం భయపడే రికార్డు ఎక్కడుంది? పీఎఫ్‌లో మేం నింపే ఎగ్జిట్ కారణాల్లో "టెర్మినేటెడ్" అనే వరసే లేదు. పదవీ విరమణ, మరణం, శాశ్వత వైకల్యం లాంటివి పోగా మిగతావాళ్ళందరికీ "సెసేషన్, షార్ట్ సర్వీస్" అనే. బ్రిటన్ పీ45లో వెళ్ళిన తేదీ, జీతం, పన్ను కోడ్ ఉంటాయి, ఎందుకు వెళ్ళారో ఉండదు. కెనడాలో మాత్రం తప్పించుకోలేం. రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్‌లో మానేస్తే "ఈ", తీసేస్తే "ఎమ్", పని లేక పంపిస్తే "ఏ" అని కోడ్ వెయ్యాల్సిందే, నిరుద్యోగ బీమా దాన్నిబట్టే మొదలవుతుంది. అక్కడ సరైన కారణం లేకుండా "ఈ" పడితే బీమా పోతుంది. పరువు కోసం రాజీనామా ఇచ్చినవాళ్ళు చేజేతులా పోగొట్టుకునేది అదే.

మరి కొత్త కంపెనీ అడిగితే? మా అన్నయ్య భయం అదే కదా. దీనికి లాయరమ్మ ఇచ్చిన ఉదాహరణ నాకిప్పటికీ గుర్తుంది. అమెరికా ప్రభుత్వంలో భద్రతా అనుమతి కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో గత ఏడేళ్ళలో ఉద్యోగంలోంచి తీసేశారా అని అడగడంతో ఊరుకోరు. తీసేస్తామని చెప్పాక మానేశారా, పనితీరు బాగాలేదని నోటీసు వచ్చాక పరస్పర అంగీకారంతో వెళ్ళారా అని కూడా విడివిడిగా అడుగుతారు. మామూలు కంపెనీల దరఖాస్తుల్లోనూ "రాజీనామా ఇమ్మని మిమ్మల్ని ఎవరైనా కోరారా" అనే గడి అక్కడక్కడా కనిపిస్తుంది. దానికి అబద్ధం రాస్తే, తర్వాత బయటపడినప్పుడు ఉద్యోగం పోయేది ఆ అబద్ధానికే. కాబట్టి రాజీనామా ఇస్తే అంతా కప్పబడిపోతుందనుకోవడానికి లేదు. రిలీవింగ్ లెటర్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర రాజీనామా పనికొస్తుంది, అది నిజమే, మనవైపు ఐటీ కంపెనీల్లో మరీ నిజం. కానీ ఆ ప్రయోజనం ఇంత అని తూచాలి, దానికి బదులు ఎంత వదులుకుంటున్నామో పక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు అసలు పని జరిగిన చోటు. హెచ్ఆర్ పంపిన ఉత్తరాన్ని తెర మీద తెరిచింది. మొదటి వాక్యం: "నా వ్యక్తిగత కారణాల రీత్యా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను." రెండోది: "సంస్థ నుంచి నాకు రావలసిన బకాయిలేవీ లేవు." మూడోది: "సంస్థపై భవిష్యత్తులో ఎటువంటి క్లెయిమ్ చేయను." ఇంతే ఉత్తరం, కింద నా పేరు, సంతకానికి గీత. ఆవిడ ముందు రెండో వాక్యం మీద కర్సర్ పెట్టి "మీరు పేరోల్ కదా, ఇవాళ్టికి మీకు రావాల్సినవేమిటో చెప్పండి" అంది. వాడని సెలవుల డబ్బు, నోటీసు కాలం జీతం, గ్రాట్యుటీ, ఖాయం కావాల్సిన బోనస్. "మరి ఏవీ లేవని రాసివ్వడానికి మీకెన్ని చేతులు కావాలి?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. రోజుల తరబడి నవ్వలేదేమో, గట్టిగానే నవ్వాను.

తర్వాత మొదటి వాక్యం. "ఎవరి ఒత్తిడీ లేకుండా" అనేదాన్ని మొత్తం నల్లగా కొట్టేసింది. బలవంతాన రాయించుకున్న రాజీనామా చట్టం దృష్టిలో టెర్మినేషన్ కిందే లెక్కకి రావచ్చు. ఇండియా కోర్టులూ అలా చూసిన సందర్భాలున్నాయి, బ్రిటన్‌లో "ఇస్తావా, తీసెయ్యమంటావా" అన్న మాటే రాజీనామాకి కారణమైతే అది తీసివేతే, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నిరుద్యోగ భృతి దగ్గరా అంతే. కెనడా చట్టం అయితే యజమాని అనుచితంగా ఒత్తిడి చెయ్యడాన్ని మానెయ్యడానికి సరైన కారణాల జాబితాలోనే పెట్టింది. కానీ ఒత్తిడి జరిగిందని నిరూపించాల్సిన భారం రాసిచ్చినవాళ్ళదే. ఒత్తిడి లేదని మన సంతకంతోనే ఉత్తరం ఉంటే ఇంకేం నిరూపిస్తాం?

అందుకని ఆవిడ రాజీనామా జోలికి వెళ్ళకుండా ముందు ఒక మెయిల్ పంపమంది, కాల్‌లోనే చెప్తూ రాయించింది. నాలుగే వాక్యాలు. "ఈరోజు మన సమావేశంలో రాజీనామా ఇవ్వమని మీరు కోరారు. ఇవ్వని పక్షంలో నా సేవలను సంస్థ ముగిస్తుందని తెలిపారు. నేను దీన్ని సరిగానే అర్థం చేసుకున్నానా, దయచేసి ధ్రువీకరించండి. రాజీనామా, టెర్మినేషన్ రెండు సందర్భాల్లోనూ నాకు చెల్లించబోయే మొత్తాలను, చివరి పనిదినాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు." కోపం లేదు, వేడుకోలు లేదు, ఒక్క విశేషణం లేదు. పంపేముందు నేను "ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన నన్ను" అని ఒకటి చేర్చబోతే వద్దంది. "అది ఇంకో రోజు, ఇంకెవరికైనా చెప్పండి."

ఆ మెయిల్‌కి హెచ్ఆర్ నుంచి జవాబు రాలేదు. ఫోనొచ్చింది. "అంత ఫార్మల్‌గా ఎందుకండీ మేడమ్" అని నీళ్ళు నమిలారు. శుక్రవారం గడువు ఎవరూ అడగకుండానే వెనక్కి జరిగింది.

ఇంకో హెచ్చరిక కూడా చేసింది. ఇది నాలాంటి శాఖల్లో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. సాక్ష్యం కోసమని ఆఫీసు ఫైళ్ళు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ఇతరుల జీతాల షీట్లు ఒక్కటి బయటికి వెళ్ళినా, పనితీరు టెర్మినేషన్ కాస్తా దుష్ప్రవర్తన టెర్మినేషన్ అయి కూచుంటుంది. తేదీలు, ఎవరు ఏమన్నారు, సొంత నోటుపుస్తకంలో రాసుకోండి చాలు. మన కాంట్రాక్టు, మన పేస్లిప్పులు, మనకి వచ్చిన పిప్ ఉత్తరం మనవే.

మా టీములో మిగతావాళ్ళకి ఏం చెప్పారో కూడా రాస్తాను, ఈ సేవ విలువ అక్కడ తెలుస్తుంది. జర్మనీలో ఉన్న కుర్రాడికి "అస్సలు రాజీనామా ఇవ్వకు, పరస్పర అంగీకార ఒప్పందం మీద కూడా మాకు చూపించకుండా సంతకం పెట్టకు" అన్నారు. తనంతట తాను మానేసినా, అలా ఒప్పందం మీద వెళ్ళినా నిరుద్యోగ భృతి సాధారణంగా 12 వారాలు ఆపేస్తారక్కడ. తీసేస్తే ఆ నోటీసు సంతకంతో కాగితం మీదే రావాలి, మెయిల్లో వస్తే చెల్లదు. వచ్చాక కోర్టుకి వెళ్ళాలనుకుంటే మూడు వారాలే గడువు. వాడు తీసెయ్యనిచ్చాడు, మూడు వారాల్లోగా కేసు వేశాడు, కంపెనీ రాజీకొచ్చింది. బ్రిటన్‌లో ఉన్నామెకి సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ వచ్చింది, అంటే డబ్బు తీసుకుని కేసు వెయ్యనని రాసిచ్చే ఒప్పందం. అక్కడ ఉద్యోగి లాయరు లాంటి స్వతంత్ర సలహాదారు సలహా తీసుకోకపోతే అది చెల్లదు, ఆలోచించుకోవడానికి కనీసం 10 రోజులివ్వాలని ఉద్యోగ వివాదాలు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎకాస్ నియమావళి చెప్తుంది. ఆ సలహా ఫీజు కూడా కంపెనీయే కట్టింది.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మా వాడి సంగతి కొంచెం వేరు. ఇది చదివేవాళ్ళలో చాలామందికి తగులుతుంది. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో ఇచ్చే 60 రోజుల గడువు రాజీనామా ఇచ్చినా తీసేసినా ఒకటే, అక్కడ ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు గడువు ముందే ముగిసిపోతే ఇంకా తక్కువ. కాబట్టి ఆ లెక్కలో రాజీనామాతో కలిసొచ్చేదేం లేదు. పైగా వీసా గడువు తీరకముందే కంపెనీ తీసేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళడానికయ్యే సహేతుకమైన ప్రయాణ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి, తనంతట తాను మానేస్తే అక్కర్లేదు. వాడికి అసలు కావాల్సింది చివరి పనిదినం వీలైనంత వెనక్కి జరగడం. పరిహారం కొంచెం తగ్గినా జీతాల పట్టీలో ఇంకొన్నాళ్ళు ఉంచమని అడగమన్నారు, వాడు అదే అడిగాడు. అన్నట్టు 40 నిండినవాళ్ళకి అక్కడ ఇంకో రక్షణ ఉంది. వయసు వివక్ష కేసు వెయ్యనని రాయించుకోవాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు, గుంపుగా తీసేస్తుంటే 45 రోజులు ఇవ్వాలి, సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

నేను చివరికి రాజీనామానే ఇచ్చాను. మా పాత కొలీగ్ ఇంకా మూతి ముడుచుకునే ఉంది, ఉండనివ్వండి. ఇండియాలో నా వయసులో, నా పనికి, కొత్త చోట మొదటి వడపోత రిలీవింగ్ లెటరే. భృతి అంటూ నాకు పోయేదేం లేదు. కానీ వాళ్ళ ఉత్తరం మీద ఇవ్వలేదు. "సంస్థ కోరిన మీదట, ఇరుపక్షాలూ అంగీకరించిన షరతులపై" అన్న మాటతో నా ఉత్తరం, దానితోపాటు ఆ షరతులు రాసిన ఒప్పందం. చివరి పనిదినం బోనస్ ఖాయమయ్యే తేదీ దాటాక. నోటీసు కాలానికి పూర్తి జీతం, ఆఫీసుకి రానక్కర్లేకుండా. పిప్ మూసేసినట్టు ఒక వాక్యం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు అడిగితే హోదా, తేదీలు మాత్రమే చెప్తారని ఇంకో వాక్యం. ఈ చివరి రెండింటినీ నేనైతే అడగడానికి కూడా తోచేది కాదు. డబ్బు షీటు నేనే తయారుచేసి పంపాను, ఒక్క అంకె మార్చకుండా ఒప్పుకున్నారు. పిప్‌లో పెట్టినవాళ్ళే!

ఇప్పుడు ఆ కోసిన మార్కు సంగతి. నోట్ ఆలస్యంగా వచ్చింది. హెచ్ఆర్ గడువు జరిగింది కాబట్టి సరిపోయింది, జరగకపోయి ఉంటే నోట్ వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. ఇలాంటి సేవకి వచ్చేవాళ్ళందరి నెత్తి మీదా ఏదో ఒక గడువు ఉంటుంది, అది వీళ్ళకి తెలియనిది కాదు. రెండోది, పరిహారం మీద పన్ను గురించి అడిగితే "మీ ఆడిటర్ని అడగండి" అని తేల్చేశారు. చేతికి ఎంతొస్తుందో తెలియకుండా ఎంత అడగాలో ఎలా తెలుస్తుంది? నాకు పేరోల్ వచ్చు కాబట్టి నా లెక్క నేను చూసుకున్నాను. మూడోది, వాళ్ళు రాసిచ్చిన ఉత్తరం ముసాయిదా కోర్టు నోటీసులా ఉంది. "తమ దుర్మార్గపు చర్యలకు" అంటూ మొదలైంది, కాల్‌లో విశేషణాలు వద్దన్న ఆఫీసేనా ఇది అనిపించింది. బహుశా జూనియరెవరో రాసి ఉంటారు. నేను తిరగరాసి పంపితే లాయరమ్మ వెంటనే ఒప్పుకుంది, ఆ ఫీజు మాత్రం తగ్గించలేదు. ఇక కాల్ అయ్యాక నెలవారీ ప్యాకేజీ తీసుకోమని వచ్చిన మెసేజీలు... వాటి గురించి రాయడం కూడా దండగ.

ఆవిడ మాటతీరు కొందరికి కటువుగా ఉండొచ్చు. మా టీములో ఒకామె ఏడుస్తుంటే "ఏడవండి, నేనుంటాను, కానీ టైము నడుస్తోంది" అన్నారట ఇంకో లాయరు. నాకది నచ్చుతుంది, ఆమెకి నచ్చలేదు. ఓదార్పు కావాలంటే అది ఇక్కడ దొరకదు.

చేతిలో వేరే ఆఫర్ ఉండి, బోనస్‌లూ షేర్లూ ఏవీ మధ్యలో లేకపోతే ఈ ఖర్చు అనవసరం, కాంట్రాక్టు ప్రకారం నోటీసిచ్చి బయటపడండి. దొంగతనం, వేధింపుల లాంటి ఆరోపణ మీ మీద ఉంటే గంట కాల్ చాలదు, క్రిమినల్ కేసులు చూసే లాయరు కూడా కావాలి, వీళ్ళు ఆ మాట వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. మిగతా అందరికీ వెళ్ళమనే చెప్తాను. బుక్ చేసేటప్పుడే "నోట్ ఏ తేదీకి ఇస్తారు" అని రాతపూర్వకంగా అడగండి, ముసాయిదా ఉత్తరం ఎవరు రాస్తారో కూడా అడగండి. కాంట్రాక్టు, పిప్ కాగితాలు, ఆఖరి మూడు పేస్లిప్పులు, మిగిలిన సెలవుల లెక్క కాల్‌కి ముందే ఎక్కించేస్తే ఆ గంట వృథా పోదు.